కాలేజీల్లో హెచ్ఐవీ టెస్టుల గొడవ: 2009 నాటి రిపోర్టు ఒకటుంది

"ఫలానా కాలేజీలో ఇంతమంది పిల్లలకు హెచ్ఐవీ అట" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగితే చాలు, తిరుపతి హాస్టళ్లలో పిల్లల్ని పెట్టిన తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది. ఆ వెంటనే వచ్చే మాట, కాలేజీలోనే అందరికీ టెస్టులు చేయించండని.

ఇలాంటి మెసేజ్‌లకు బలమిచ్చింది 2024 జులైలో త్రిపుర వార్త. 828 మంది విద్యార్థులకు హెచ్ఐవీ అని దేశమంతా పాకింది. అది 2007 నుంచి వచ్చిన మొత్తం లెక్క అని అక్కడి ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఒకరి సూది ఒకరు వాడుతూ మత్తుమందు ఎక్కించుకోవడం అక్కడి పెద్ద సమస్య. మెసేజ్ చేతులు మారేసరికి ఈ రెండు ముక్కలూ రాలిపోయాయి.

1986లో చెన్నైలో బయటపడ్డ దేశంలోని తొలి కేసులు, 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) పుట్టుక అందరికీ తెలిసినవే. ఇవాళ్టి గొడవకు మూలం మాత్రం ఆ తర్వాతది. 2005లో కేంద్రం బడుల్లో కౌమార విద్య, అంటే ఎదిగే పిల్లలకు శరీరంలో మార్పులు, హెచ్ఐవీ గురించి చెప్పే పాఠాలు, మొదలుపెట్టింది. 2007కల్లా మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో వెంకయ్య నాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ, బడుల్లో లైంగిక విద్యే వద్దని, పెళ్లికి ముందు సెక్స్ తప్పని చెప్పాలని, హెచ్ఐవీ పాఠం ప్లస్ టూ బయాలజీలో పెట్టాలని సిఫారసు చేసింది.

పిల్లలకు లేనిపోని ఆలోచనలు వస్తాయన్నది వాళ్ల భయం. మన ఇళ్లలోనూ ఉన్నదే. కానీ ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లలు ఆ బయాలజీ పుస్తకం ఎప్పుడు తెరవాలి? తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలను నింపేది వాళ్లే కదా. కాలేజీల్లో హెచ్ఐవీపై అవగాహన కల్పించే రెడ్ రిబ్బన్ క్లబ్బులు లేకపోలేదు. ఎయిడ్స్ దినం డిసెంబర్ 1న ర్యాలీ, ఒక క్విజ్, ఫొటో. కండోమ్ అన్న మాట మైకులో పలకడానికి ఎంతమంది లెక్చరర్లకు నోరొస్తుంది?

చెప్పకుండా వదిలేసిన సంగతులు చిన్నవేం కాదు. కండోమ్ లేకుండా కలిస్తే 72 గంటల్లోపు, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా, మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ అంటుకోకుండా చాలావరకు ఆపొచ్చు. వైరస్ సోకిన మర్నాడే టెస్టు చేస్తే నెగటివ్ వస్తుంది, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించాలి. ఒక్కరోజు క్యాంపు పెట్టి "మా కాలేజీ సేఫ్" అనుకోవడంలో ఉన్న చిక్కు ఇదే.

పైగా చట్టం ఒప్పుకోదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం మనిషి సమ్మతి లేకుండా టెస్టు చేయకూడదు. సీటుకో, చదువు కొనసాగించడానికో టెస్టు షరతుగా పెట్టకూడదు. ఫలితం బయటపెట్టకూడదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీల్లో (హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో) టెస్టు ఉచితం, గోప్యం. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసినా సలహా చెబుతారు.

18 నిండని ఇంటర్ పిల్లలకైతే ఆ టెస్టుకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అంటే ముందు ఇంట్లో చెప్పాలి.