పుష్కర ఘాట్‌లో పాపికొండల బోటు ఉండదండీ!
(ఒంటరిగా, ఒక్క రోజుకి రాజమండ్రి - కాకినాడ చూడ్డానికి వచ్చేవాళ్ల అపోహలు, అసలు సంగతులు)

పొద్దున్న తొమ్మిదిన్నర. పుష్కర ఘాట్ మెట్ల మీద ఒక కుర్రాడు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఫోన్ చూస్తాడు, నదిని చూస్తాడు, మళ్లీ ఫోన్ చూస్తాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో టూరిస్టులను తిప్పుతున్నాను కాబట్టి ఆ చూపు అర్థం నాకు దూరం నుంచే తెలుస్తుంది. దగ్గరికెళ్తే అడిగే మొదటి మాట కూడా ఎప్పుడూ ఒకటే: "అన్నా, పాపికొండల బోటు ఎక్కడ ఆగుతుంది?"

ఇక్కడ ఆగదు. అసలు ఇక్కడికి రాదు.

పోయిన శీతాకాలంలో ఇలాగే హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చాడు. ఎవరో ఫోన్‌లో "పుష్కర ఘాట్ దగ్గర పికప్, మధ్యాహ్నానికి పాపికొండలు పూర్తి, సాయంత్రం కాకినాడ పోర్టు" అని చెప్పి డబ్బు ముందే వేయించుకున్నారు. ఎనిమిదింటి నుంచి ఎదురుచూస్తున్నాడు, అవతలి నంబరు స్విచాఫ్. డబ్బు పోయింది, దానికంటే ముఖ్యంగా ఆ రోజు పోయింది. ఆర్నెల్లకోసారి దొరికే సెలవు అది. పాపం, టిఫిన్ కూడా చెయ్యలేదు. ముందు ఇడ్లీ తినిపించాను, తర్వాత మాట్లాడుకున్నాం.

అపోహ: పాపికొండలు అంటే రాజమండ్రి. బోటు ఘాట్ నుంచి బయల్దేరుతుంది, సగం రోజులో అయిపోతుంది.

ఈ ఒక్కటీ వదిలించుకుంటే మిగతావన్నీ సర్దుకుంటాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పాపికొండలు తూర్పు కనుమల్లో, గోదావరి సన్నబడి కొండల మధ్య నుంచి వచ్చే చోట ఉన్నాయి. అక్కడికీ రాజమండ్రికీ మధ్యన పోలవరం ప్రాజెక్టు ఉంది. ఒకప్పుడు పట్టిసీమ వైపు రేవుల నుంచి లాంచీలు పైకి వెళ్లేవి, నిజమే. మీ బాబాయి ఎవరన్నా ఇటు నుంచే వెళ్లొచ్చానంటే అది అప్పుడే అయ్యుంటుంది. పోలవరం కాఫర్‌డ్యామ్ (డ్యామ్ పనుల కోసం వేసిన అడ్డుకట్ట) నదికి అడ్డంగా వచ్చాక కింది నుంచి పైకి పడవ దారి లేదు. ఇప్పుడు మన వైపు నుంచి వెళ్లేవాళ్లు దేవీపట్నం దగ్గర గండిపోచమ్మ గుడి రేవులో ఎక్కాలి. రాజమండ్రి నుంచి రోడ్డు మీద గంట, గంటన్నర పడుతుంది. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకైతే పోచవరం రేవు ఉంది. పొద్దున ఎక్కితే పేరంటాలపల్లి వరకు వెళ్లి, వెనక్కి వచ్చి దిగేసరికి సాయంత్రం అవుతుంది. మళ్లీ రోడ్డు ప్రయాణం. అంటే పాపికొండలకే ఒక పూర్తి రోజు. ఆ రోజున కాకినాడ లేదు, ధవళేశ్వరం లేదు, ఏమీ లేదు. రెండూ ఒకే రోజులో చూపిస్తామని ఎవరన్నా అంటే ఆ మనిషి ఎప్పుడూ బోటు ఎక్కి ఉండడు, లేదా మీరు ఎక్కరని వాడికి ముందే తెలుసు.

ఇంకొకటి. వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు. "వాన లేదుగా, ఎండ కాస్తోందిగా" అని వాదిస్తారు. వాన ఇక్కడ పడక్కర్లేదండీ. ఎక్కడో పైన పడ్డ వాన రెండు మూడు రోజులకు మన ముందుకొస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. బోట్లు ఆగడానికి ఆ మొదటి హెచ్చరిక దాకా కూడా అక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో టూరిస్టు బోటు మునిగిన రోజు ఈ ఊళ్లో ఎవరమూ మర్చిపోలేదు. ఆ బోటును అక్టోబర్‌లో గాని బయటికి తీయలేకపోయారు. తీసింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం. ఆ తర్వాతే రేవుల దగ్గర కంట్రోల్ రూములు వచ్చాయి. కాబట్టి "ఈ రోజు బోటు లేదు" అని రేవులో చెబితే కోపం తెచ్చుకోకండి.

ఒంటరిగా వెళ్తే ఎక్కించుకోరన్నది పుకారు. టికెట్టు మనిషికింత అని ఉంటుంది, కుటుంబానికింత అని కాదు. ఆధార్ దగ్గర ఉంచుకోండి, లైఫ్ జాకెట్ ఇచ్చాక ఫోటో కోసం విప్పకండి.

అపోహ: పొద్దున రాజమండ్రి, సాయంత్రం కాకినాడ.

పాపికొండలు పక్కన పెట్టాక ఊరూ పోర్టూ కలిపి ఒక్క రోజులో హాయిగా చూడొచ్చు. కానీ నూటికి తొంభై మంది తలకిందులుగా చూస్తారు. రాత్రి రైలు రాజమండ్రిలో ముందు ఆగుతుంది కాబట్టి అక్కడ దిగిపోతారు. గోదావరి మీద సూర్యోదయం చూస్తామంటారు.

గోదావరి మన ఊరి దగ్గర ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. రాజమండ్రి తూర్పు గట్టు మీద ఉంది, కొవ్వూరు అవతల. అంటే ఘాట్‌లో నది వైపు తిరిగి నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక, ఇళ్ల మీంచి వస్తాడు. నీళ్లలోకి దిగేది సాయంత్రం, కొవ్వూరు వైపున, హేవలాక్ పాత వంతెన స్తంభాలు నల్లగా కనిపిస్తుండగా. ఆ వంతెన మీద రైళ్లు 1900లో మొదలై 1997లో ఆగిపోయాయి. పక్కనున్న ఆర్చి వంతెన ఫోటోల్లో బాగుంటుంది గాని, చూస్తూ కూర్చోవాలనిపించేది మాత్రం పాతదే.

కాకినాడ సముద్రం తూర్పున. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకు బీచ్‌కి చేరితే సూర్యుడు ఊరి వెనక్కి పోయి ఉంటాడు, కాసేపట్లో చీకటి. ఓడలు ఏవీ అంటే దూరంగా దీపాలు చూపించాల్సి వస్తుంది.

అందుకే తిప్పేయండి. రాత్రి రైల్లో నేరుగా కాకినాడ వెళ్లిపోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్ లాంటివి కాకినాడ దాకా వెళ్తాయి. మెయిన్ లైన్ బళ్లయితే సామర్లకోటలో దిగాలి, అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. మధ్యాహ్నం ఒంటిగంట, ఒకటిన్నరకల్లా కాకినాడ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో (బస్టాండు) రాజమండ్రి బస్సు ఎక్కితే రెండు గంటల్లోపు చేరతారు. ధవళేశ్వరం వెళ్లి, కాటన్ దొర ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీనీ మ్యూజియాన్నీ చూసి, పొద్దు వాలేసరికి పుష్కర ఘాట్‌కి రండి. హారతి చూసి, రాత్రి రైలు ఎక్కండి. బ్యాగు మోయక్కర్లేదు, రాజమండ్రి స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టుకోండి. తాళం లేని బ్యాగు మాత్రం తీసుకోరు.

దీనికి రోజంతా కారు మాట్లాడుకోవాలా? అక్కర్లేదు. నలుగురుంటే కారు చవక, ఒక్కరే అయితే దండగ. ఈ మాట చెప్పినందుకు మా కారు డ్రైవర్లు నన్ను తిడతారు, తిట్టనీ.

రైలు టికెట్ దగ్గర ఒక చిక్కుంది. కొందరు తిరుగు టికెట్ రాజమండ్రి నుంచి తీసుకుని, ప్లాన్ మారి కాకినాడలోనే ఆ బండి ఎక్కేస్తారు, "ఒకే రైలేగా" అని. టికెట్‌లో ఉన్న స్టేషన్ కంటే ముందు స్టేషన్‌లో ఎక్కే హక్కు మీకు లేదు. అదే కాకినాడ నుంచి తీసుకుంటే బోర్డింగ్ పాయింట్ ముందుగానే రాజమండ్రికి మార్చుకోవచ్చు. ఒకసారి మార్చాక మళ్లీ కాకినాడలో ఎక్కడం కుదరదు, అది గుర్తుంచుకోండి.

అపోహ: పోర్టు చూడ్డమంటే లోపలికెళ్లి ఓడ పక్కన ఫోటో దిగడం.

పాసు లేకుండా గేటు దాటనివ్వరు. వాళ్లతో గొడవ పడి గంట పోగొట్టుకున్నవాళ్లను చూశాను. చూడాల్సింది బయటే ఉందండీ. కాకినాడకు ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకే సుమారు 16 కిలోమీటర్ల పొడవున తిన్నెగా పెరిగి, అలలకు అడ్డుగోడలా నిలబడింది. అందుకే ఇక్కడి అఖాతం నీళ్లు చెరువులా ఉంటాయి. "ఇదేం సముద్రం, కెరటాలే లేవు" అని మొహం చిట్లిస్తారు. కెరటాలు లేకపోబట్టే ఇక్కడ పోర్టు ఉంది మరి! లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుంటే బియ్యం బస్తాలు బార్జీల్లో అక్కడికి వెళ్తాయి. అది యాంకరేజ్ పోర్టు. ఓడ నేరుగా గట్టుకు వచ్చే డీప్ వాటర్ పోర్టు 1997లో మొదలైంది. జగన్నాథపురం వంతెన మీద పావుగంట నిలబడండి, కింద కాలువలో బార్జీలూ పడవలూ కనిపిస్తాయి. పోర్టు అర్థం కావడానికి అది చాలు.

అపోహ: కాకినాడ దగ్గరి కోరింగ (కోరంగి) మడ అడవిలో బోటు ఎప్పుడంటే అప్పుడే.

ఇందులో తప్పు చేసినవాణ్ని నేనే. మొదటి రోజుల్లో ఒక పెద్దాయన్ని తీసుకెళ్లాను. అంతకుముందు వారం పదింటికి బోటు నిండా నీళ్లలో తిరిగాం గదా అని మళ్లీ పదింటికే వెళ్లాను. పాటు సమయం, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గే వేళ. కాలువ నిండా బురద, బోటు గట్టున పడుకుని ఉంది. సముద్రపు పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందన్న లెక్క నాకప్పుడు పట్టలేదు. వారం తిరిగేసరికి పోటు ఉండాల్సిన వేళకు పాటు వచ్చేస్తుంది. కాబట్టి ఎవరి వీడియోలోని టైమూ మీకు పనికిరాదు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పాటున వెళ్లినా చెక్క వంతెన మీద నడుస్తూ బురదలోంచి మేకుల్లా పైకి లేచిన మడచెట్ల వేళ్లు చూడొచ్చు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, వాటినే అరగంట చూశాడు. ఈ కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1789లో, 1839లో వచ్చిన తుపానులు ఊడ్చేశాయి. బర్మా వెళ్లిన మనవాళ్లను అక్కడ "కోరంగీలు" అనేవారంటే, ఈ రేవు పేరు ఎంత దూరం పోయిందో చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పులస ఏడాదంతా దొరకదు. వరద నీటికి ఎదురీది నదిలోకి వచ్చే కాలంలోనే అది పులస. జనవరిలో "పులస పులుసు" బోర్డు చూసి పుస్తెలమ్మకండి. కాకినాడది గొట్టం కాజా, తాపేశ్వరంది మడత కాజా, రెండూ ఒకటి కాదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల చూడాలంటే వారపు సెలవు ఏ రోజో ముందు కనుక్కుని రండి.

ఘాట్‌లో మెట్లున్నాయి కదా, లోతుండదులే అనుకోవడం మాత్రం గబగబా దాటేసే విషయం కాదు. మెట్లు అయిపోయాక ఏముందో పైనుంచి కనపడదు. ఒంటరిగా వచ్చారు, ఒడ్డున బ్యాగు తప్ప మీ కోసం చూసేవాళ్లు లేరు. మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నా స్నానమే.

ఆడవాళ్లు ఒంటరిగా రావచ్చా అని చాలామంది అడుగుతారు. పోయిన కార్తీకంలో కరీంనగర్ నుంచి రిటైరైన ఒక టీచరమ్మ బయల్దేరే ముందు నాకు ఐదుసార్లు ఫోన్ చేశారు. బస్సులో ఎవరన్నా ఏమన్నా అంటారా, హారతి అయ్యాక స్టేషన్‌కి ఆటో దొరుకుతుందా, పిల్లలకు చెప్పకుండా వస్తున్నాను తప్పా? విసుగు రాలేదండీ. అరవై ఏళ్లకు మొదటిసారి ఒక్కతే రైలెక్కుతున్న మనిషి అడగాల్సిన ప్రశ్నలే అవి. పొద్దున కాకినాడ, సాయంత్రం ఘాట్, అన్నీ బస్సుల్లోనే తిరిగారు. హారతి అయ్యాక ఆటో ఎక్కించబోతే ఆరోసారి ఫోన్ తీశారు. ఈసారి నాకు కాదు, వాళ్ల అబ్బాయికి. "రాజమండ్రిలో ఉన్నాన్రా, గోదారి దగ్గర" అన్నారు. అవతలి నుంచి అరుపు నాకూ వినపడింది. ఆవిడ ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని నవ్వుతూ ఆటో ఎక్కారు.