కార్లావెరాక్ కోటను కూల్చింది కాలం కాదు

పాత రాతి కట్టడాల మరమ్మతు నా వృత్తి. శిథిలమైన కోట ఫొటో చూపిస్తే చాలు, "పాపం, కాలానికి కూలిపోయింది" అంటారు. దక్షిణ స్కాట్లాండ్‌లో, డంఫ్రీస్ దగ్గరున్న కార్లావెరాక్ గురించి ఆ మాట వింటే నాకు బాధేస్తుంది.

అపోహ: ఇంగ్లీషు సైన్యం దీన్ని నేలమట్టం చేసింది.

వాస్తవం: 1300 జూలైలో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దాదాపు 3000 మందితో ముట్టడించాడు. లోపలున్నది సుమారు 60 మందే. కొద్ది రోజుల్లోనే లొంగిపోయారు, కోట మాత్రం నిలిచింది. 1312 తర్వాత, ఇంగ్లీషువాళ్ల పక్షం వదిలి స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ వైపు వచ్చిన యూస్టస్ మాక్స్‌వెల్, శత్రువుకు పనికిరాకూడదని తన కోటను తానే పాడుచేశాడు. ఆ తర్వాత మాక్స్‌వెల్ వంశం వాళ్లే మళ్లీ కట్టుకున్నారు.

అసలు దెబ్బ 1640లో పడింది, అదీ తోటి స్కాట్‌ల చేతుల్లో. రాజు పక్షాన ఉన్న మాక్స్‌వెల్‌లు 13 వారాలు తట్టుకుని లొంగిపోయారు. గెలిచిన కవనెంటర్లు, అంటే ప్రెస్బిటేరియన్ చర్చి కోసం రాజును ఎదిరించిన పక్షం, దక్షిణపు గోడను, మూలనున్న బురుజును కావాలనే పడగొట్టారు. లోపల అందమైన చెక్కడాలతో కట్టిన భవనానికి అప్పటికి ఆరేళ్లే, అది 1634 నాటిది. ఆ కిటికీల ముందు నిలబడితే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అపోహ: ఎప్పుడు కట్టారో రాసిపెట్టకపోతే చెప్పలేం.

వాస్తవం: కందకం మీది మొదటి వంతెన దుంగలు బురదలో దొరికాయి. చెట్టులో ఏడాదికొకటి చొప్పున ఏర్పడే వలయాలను, కాలం తెలిసిన కలప వలయాలతో పోల్చి చూస్తే, ఆ చెట్లు కొట్టింది 1277 ప్రాంతంలో అని తేలింది.

అపోహ: పగుళ్లలో సిమెంటు కూరితే గట్టిపడుతుంది.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఈ కోటది మెత్తటి ఎర్ర ఇసుకరాయి, అతుకులు సున్నంవి. మన డంగు సున్నంలాగే అది తేమను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. లోపల చిక్కుకున్న నీరు చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, రాతి ముఖం పెచ్చులుగా ఊడుతుంది. సున్నం అరిగితే మళ్లీ పూస్తాం. రాయి ఊడితే, దాని మీదున్న ఆనాటి ఉలి గాట్లు కూడా దాంతోపాటే పోతాయి.