పాత పోర్టబుల్ టీవీలో ముందు చెడేది ట్యూబులు కాదు

రేకు డబ్బా, పైన పిడి, వెనక మడిచిపెట్టే యాంటెన్నా. 1955 నుంచి ఓ పదేళ్ళపాటు అమెరికాలో తయారైన పోర్టబుల్ టీవీలు అక్కడి గరాజ్ సేళ్ళలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొనగానే అందరికీ ప్లగ్గు పెట్టి చూడాలనిపిస్తుంది. దశాబ్దాలుగా పడి ఉన్న సెట్టు ప్రాణం తీసేది తరచూ ఆ మొదటి నిమిషమే. ట్యూబులు చాలావరకు బాగానే ఉంటాయి. చెడిపోయేవి వాటి మధ్య ఉన్న, చార్జిని పట్టి ఉంచే కాగితపు కెపాసిటర్లు.

ముందు అది ఏ సెట్టో తేల్చుకోవాలి. ముఖం మీది పేరు ప్రకటనల కోసం పెట్టినది, సర్క్యూట్ వెతకడానికి పనికిరాదు. కావలసినవి వెనక అట్ట మీది మోడల్ నంబరు, చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి రేకు చట్రం) మీద ముద్ర వేసిన చాసిస్ నంబరు. ఒకే చాసిస్‌ను నాలుగైదు మోడళ్ళలో వాడేవారు కాబట్టి రెండోదే ఎక్కువ నమ్మదగ్గది. ఇండియానాపోలిస్‌కు చెందిన హోవర్డ్ శామ్స్ కంపెనీ 1946 నుంచి వేసిన ఫోటోఫ్యాక్ట్ ఫోల్డర్లలో సర్క్యూట్‌తోపాటు ప్రతి ట్యూబు కాలి దగ్గర ఉండాల్సిన వోల్టేజీ కూడా ఉంటుంది. అది లేకుండా పని మొదలుపెట్టకండి.

నంబర్లు చెరిగిపోతే చానెల్ నాబ్ చూడండి. 1వ చానెల్ ఉంటే సెట్టు 1948కి ముందుదో, ఆ దరిదాపులదో. 2 నుంచి 13 వరకే ఉంటే 1964 ఏప్రిల్ 30కి ముందు తయారైనదని చెప్పొచ్చు. ఆ తేదీ తర్వాత తయారైన సెట్లన్నిటికీ యూహెచ్ఎఫ్ (13 పైని చానెళ్ళు) తప్పనిసరి అయింది. ఇంకా కచ్చితంగా కావాలంటే స్పీకరు వెనకా, వాల్యూమ్ కంట్రోల్ మీదా ఉన్న అంకెలు చదవండి. 137-622 అని ఉంటే 137 అంటే సీటీఎస్ కంపెనీ, 6 అంటే 1956 లేదా 1966, 22 అంటే ఆ ఏడాది 22వ వారం. 274 ఆర్‌సీఏ, 188 జీఈ, 312 సిల్వేనియా. మూడు నాలుగు భాగాలు ఒకే కాలాన్ని చూపిస్తే సెట్టు ఆ తర్వాత కొన్ని నెలల్లో తయారైనట్టే. పిక్చర్ ట్యూబు తేదీ ఒక్కటే చూసి తేల్చొద్దు, మధ్యలో మార్చి ఉండొచ్చు. దాని పేరు మాత్రం ఉపయోగపడుతుంది. 14తో మొదలై పీ4తో ముగిస్తే పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్ ట్యూబు అని అర్థం. లోపల అన్నీ ట్రాన్సిస్టర్లే కనిపిస్తే అది 1959లో వచ్చిన ఫిల్కో సఫారీ బాటలోని సెట్టు. ఆ దారి వేరు.

బరువు తగ్గించడానికి ఈ సెట్లలో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ తీసేశారు. మిగతా చిక్కులన్నీ అక్కడి నుంచే వచ్చాయి. చాసిస్ నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. రేకు డబ్బాకీ చాసిస్‌కీ మధ్య అడ్డుగా ఉన్నవి కొన్ని ఫైబర్ వాషర్లే. యాంటెన్నాకు అడ్డు రెండు చిన్న కెపాసిటర్లు. వాటిలో ఒకటి షార్టయితే యాంటెన్నా ముట్టుకున్నవాడికి షాకే. అందుకే ఆ రెండింటి స్థానంలో, చెడినా షార్టవకుండా తయారుచేసిన వై రకం సేఫ్టీ కెపాసిటర్లు వేయాలి. బల్ల మీద పని చేసేటప్పుడు 300 వీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. వేరియాక్ దీనికి సరిపోదు. అది ఒకే చుట్టతో పని చేసే ఆటో ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజీ తగ్గిస్తుంది గానీ లైన్ నుంచి విడదీయదు.

ట్యూబులను వేడిచేసే తీగలు, అంటే ఫిలమెంట్లన్నీ పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బుల్లాగా ఒకే వరసలో ఉంటాయి, చాలా సెట్లలో పిక్చర్ ట్యూబుతో సహా. ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. ఇక్కడ చాలామంది పొరపడేది ట్యూబు మార్చడంలో. 3సిబి6, 6సిబి6 పని ఒకటే, కాళ్ళ అమరికా ఒకటే. కానీ మొదటిదాని ఫిలమెంటుకు 3.15 వోల్టులు, 600 మిల్లీ ఆంపియర్లు; రెండోదానికి 6.3 వోల్టులు, 300 మిల్లీ ఆంపియర్లు. 600 మిల్లీ ఆంపియర్ల వరసలో 6సిబి6 పెడితే దాని గుండా దాదాపు రెట్టింపు కరెంటు పోతుంది. అన్నీ సమానంగా వేడెక్కాలని ఈ వరస కోసమే చేసిన ట్యూబులుండేవి, అవి సుమారు 11 సెకన్లలో వేడెక్కుతాయి.

చేయి లోపల పెట్టేముందు పిక్చర్ ట్యూబును డిశ్చార్జి చేయాలి. దాని గాజే ఒక కెపాసిటర్, పది వేల వోల్టుల పైన పట్టి ఉంచుతుంది. ట్యూబు బయటి నల్లపూతకు కలిపిన తీగతో ఆనోడ్‌ను (హైవోల్టేజీ తీగ తగిలించే చోటును) తాకించి, ఐదు నిమిషాలాగి మళ్ళీ తాకించండి. గాజులో మిగిలిన చార్జి మెల్లగా పైకి వస్తుంది. మెడ సన్నం, కదిలిస్తే విరుగుతుంది. మెడలో వెండిరంగు మచ్చ పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి చేరినట్టే, ఇక ఆశ వదులుకోవచ్చు. మెడ చుట్టూ చిన్న అయస్కాంతపు క్లిప్పు ఉంటే అది ఎలక్ట్రాన్ల దారిని సరిచేసే అయాన్ ట్రాప్. ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టకుండా కదిపితే, తర్వాత అన్నీ బాగున్నా తెర నల్లగానే ఉంటుంది.

ఇప్పుడు కాగితం సంగతి. ట్యూబులో ఎలక్ట్రాన్లు చేరే రేకు ప్లేటు, వాటిని అదుపు చేసే జాలీ గ్రిడ్డు. 250 వోల్టులున్న ప్లేటును తర్వాతి ట్యూబు గ్రిడ్డుతో కలిపేది మైనం పూసిన కాగితపు కెపాసిటర్. సిగ్నల్‌ను పోనిచ్చి ఆ వోల్టేజీని ఆపడమే దాని పని. గ్రిడ్డు నుంచి చాసిస్‌కి 4,70,000 ఓముల రెసిస్టర్ ఉందనుకుందాం. తేమ పీల్చిన కెపాసిటర్ లీకేజీ కోటి ఓములున్నా మామూలు మీటరు దాన్ని మంచిదే అంటుంది, ఎందుకంటే మీటరు పరీక్షించేది ఒకటి రెండు వోల్టులతో. లెక్క వేస్తే గ్రిడ్డు సుమారు 11 వోల్టులు పాజిటివ్ వైపు జరగాలి. మైనస్‌లో ఉండాల్సిన గ్రిడ్డు అలా పైకి పోతే ట్యూబు విపరీతంగా కరెంటు లాగుతుంది, దాని వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. తెర మీద గీతలు అడ్డంగా గీయించే హారిజాంటల్ ఔట్‌పుట్ ట్యూబు దగ్గరైతే పోయేది, పిక్చర్ ట్యూబుకు హైవోల్టేజీ ఇచ్చే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్. దానికి ఇప్పుడు కొత్తది దొరకదు.

కాబట్టి 0.01, 0.022, 0.047, 0.1 మైక్రోఫారడ్ కాగితపువన్నీ 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్లతో మార్చండి. ఫ్లైబ్యాక్ వల్ల వోల్టేజీ ఎక్కువుండే బూస్ట్ లైన్‌లోని దానికి వెయ్యి వోల్టులది వేయండి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల బదులు 105 డిగ్రీల వేడిని తట్టుకునేవి వాడండి. మైకా, సిరామిక్ కెపాసిటర్ల జోలికి పోవద్దు. సిగ్నల్‌ను శ్రుతి చేసే ఐఎఫ్ కాయిల్స్‌లోని స్క్రూలను అసలే ముట్టొద్దు, కుదురుగా ఉన్నదాన్ని చెడగొట్టడమే అవుతుంది. ఒకటి తీసి ఒకటి పెట్టుకుంటూ పోతే తప్పు జరగదు. ప్రింటెడ్ బోర్డున్న సెట్లలో ట్యూబు సాకెట్ల చుట్టూ వేడికి రాగి గీతలు చిట్లుతాయి, భూతద్దంతో చూసి టంకం వేయండి.

ఏసీని డీసీగా మార్చే, రెక్కలున్న సెలీనియం రెక్టిఫయర్ కాలితే కుళ్ళిన వాసనతో విషవాయువు వస్తుంది. దాని బదులు 1ఎన్4007 డయోడ్ సరిపోతుంది, కానీ అది వోల్టేజీని తక్కువగా మింగుతుంది. అందుకే వరసలో 10 నుంచి 25 ఓముల మధ్య పది వాట్ల రెసిస్టర్ కలిపి, సరఫరా వోల్టేజీ ఫోల్డర్‌లో ఉన్నంతకు తేవాలి.

మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు చీకట్లో హారిజాంటల్ ఔట్‌పుట్ ట్యూబును చూస్తూ ఉండండి. లోపలి ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపేయాలి, దాన్ని నడిపే సిగ్నల్ (డ్రైవ్) ఆసిలేటర్ నుంచి రావడం లేదన్నమాట. బొమ్మ వచ్చాక తెర మీద ఒక నల్లపట్టీ కదులుతుంటే అది 60 హెర్ట్జ్‌ది: ఏసీలో ఒక సగాన్నే వాడే హాఫ్‌వేవ్ సరఫరా ఫిల్టరో, ఏదో ట్యూబులో హీటర్‌కూ (ఫిలమెంటుకూ) ఎలక్ట్రాన్లు వదిలే కాథోడ్‌కూ మధ్య లీకేజీయో. రెండు పట్టీలైతే, రెండు సగాలనూ వాడే ఫుల్‌వేవ్ డబ్లర్ సరఫరా ఫిల్టర్. కింద బొమ్మ మడతపడితే వర్టికల్ ఔట్‌పుట్ కాథోడ్ దగ్గరి ఎలక్ట్రోలైటిక్ చూడండి.

అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12న ఆగాయి కాబట్టి 3వ చానెల్‌లో సిగ్నల్ ఇచ్చే మాడ్యులేటర్ కావాలి. ఆ సెట్టును హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకుంటే ఇంకో రెండు సంగతులున్నాయి. 230 వోల్టులను 117కి దించే చవకరకం స్టెప్‌డౌన్‌లలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. రెండు విడి చుట్టలున్నది అడిగి కొనండి. మన దగ్గరి మాడ్యులేటర్లలో బొమ్మకూ ధ్వనికీ ఎడం 5.5 మెగాహెర్ట్జ్, ఆ సెట్టుకు కావలసింది 4.5. బొమ్మ కనిపించినా మాట వినిపించదు. అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ మాడ్యులేటర్ తెచ్చినా మన 50 హెర్ట్జ్ కరెంటుకూ 60 హెర్ట్జ్ బొమ్మకూ పొంతన కుదరక అంచులు సన్నగా వణుకుతాయి. ఫిల్టర్ కెపాసిటర్లు కొత్తవైతే ఆ వణుకు చాలావరకు తగ్గుతుంది.