సొరంగ మిత్రులకు రాతిలో చోటిచ్చిన శిల్పి

ఎడిన్‌బరో కోట కొండ మీద స్కాట్లండ్ జాతీయ యుద్ధ స్మారకం ఉంది. పాత సైనిక నివాసాన్ని ఆర్కిటెక్టు రాబర్ట్ లోరిమర్ స్మారకంగా మార్చగా, 1927 జులైలో దాన్ని ప్రారంభించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగిన సైనికుల పేర్లు, రెజిమెంట్ల చిహ్నాలు, రంగుటద్దాల కిటికీలు ఇలా అక్కడ ఉండవలసినవన్నీ ఉన్నాయి. ఎవరూ ఊహించనిది మాత్రం ఒక చిన్న చెక్కడం. అందులో ఉన్నవి కెనరీ పిట్టలు, చిట్టెలుకలు. ‘సొరంగాలు తవ్వినవారి మిత్రులు’ అని వాటికి పేరు పెట్టారు. మలిచిన శిల్పి ఫిలిస్ బోన్.

ఎలుకకు యుద్ధ స్మారకంలో ఏం పని? ఆ యుద్ధంలో రెండు పక్షాలూ శత్రువు కందకాల కిందికి సొరంగాలు తవ్వి, మందుగుండు కూరి పేల్చేవి. పేలుడు తర్వాత ఆ సొరంగాల్లో కార్బన్ మోనాక్సైడ్ మిగిలిపోయేది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఏదో తేడాగా ఉందని మనిషి గ్రహించేసరికే కాళ్లు చచ్చుబడిపోతాయి. పంజరంలోని కెనరీ అంతకు చాలా ముందే తూలి కింద పడుతుంది. బరువుతో పోల్చి చూస్తే ఈ పిట్ట మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ వాడుకుంటుంది. పైగా పక్షుల ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో సాగుతుంది. వెనుక ఉన్న గాలి సంచుల పుణ్యమా అని ఊపిరి పీల్చినప్పుడే కాదు, వదిలినప్పుడు కూడా వాటికి కొత్త గాలి అందుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో అది వరమే. గాలిలో విషం ఉన్నరోజున అదే శాపం. చిట్టెలుకకు ఈ గాలి సంచులు లేకపోయినా, ఒంట్లో జీవక్రియ వేగంగా జరగడం వల్ల అదీ త్వరగానే పడిపోతుంది.

ఈ ఉపాయం గనుల నుంచి యుద్ధానికి వచ్చింది. ఎడిన్‌బరోలో పుట్టిన శరీర ధర్మ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ బొగ్గుగని ప్రమాదాలను పరిశోధించి, పేలుడు దెబ్బ కంటే ఆ తర్వాత కమ్ముకునే ఈ వాయువే ఎక్కువమందిని చంపుతోందని 1896లో నివేదిక ఇచ్చాడు. ముందస్తు హెచ్చరిక కోసం చిన్న ప్రాణులను గనిలోకి తీసుకెళ్లమన్నదీ ఆయనే. అంతకు ముందే ఆ వాయువును తానే పీల్చి, తన ఒంట్లో ఏం జరుగుతోందో నమోదు చేసుకున్న మనిషి! ఆయన కొడుకు, జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ మనకు ఇంకా దగ్గరివాడు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యకు రాసిచ్చాడు. అది చేరిన చోటు కాకినాడ రంగరాయ వైద్య కళాశాల.

ఇక శిల్పి సంగతి. ఫిలిస్ బోన్ 1894లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పుట్టింది. చదువు, పని, పేరు అన్నీ స్కాట్లండ్‌లోనే. ఎడిన్‌బరో కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో శిల్పం నేర్చుకుని, పారిస్ వెళ్లి జంతు శిల్పి ఎడ్వార్ నవెలియే దగ్గర శిక్షణ పొందింది. జంతువును మనిషి గుణాలకు గుర్తుగా కాకుండా జంతువుగానే చూసే సంప్రదాయం ఫ్రాన్స్‌లో అప్పటికే బలంగా ఉంది. ఆమె పనికి ఆధారం అదేనని నా అభిప్రాయం.

జంతు శిల్పానికి ఎముకల గూడు తెలియాలి. గుర్రం ముందుకాలి మధ్యలో మనం మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. వెనుక కాలిలో వెనక్కి తిరిగినట్టు కనిపించే కీలు మడమ. అసలు మోకాలు పొట్టకు దగ్గరగా, పైన ఉంటుంది. ఇది తెలియని శిల్పి చేతిలో గుర్రం ఎంత నున్నగా తయారైనా, నడవలేని గుర్రంలాగే కనిపిస్తుంది.

భవనం మీద చెక్కేవారికి ఇంకో తలనొప్పి ఉంది. రాయి ఎంత బరువునైనా మోస్తుంది కానీ సాగదీసే బలానికి, వంచే బలానికి ఇట్టే లొంగిపోతుంది. కంచులో పోసిన జింక సన్నని కాళ్ల మీద నిలబడగలదు. ఇసుకరాతిలో అలా చెక్కితే ఏదో ఒకనాడు కాలు విరుగుతుంది. అందుకే రాతి జంతువులు ఎక్కువగా పడుకునో, కూర్చునో, గోడలోంచి సగమే పైకి తేలినట్టో ఉంటాయి. దీన్ని సోమరితనమనుకుంటే పొరపాటు. పైగా వాటిని చూసేది కింద వీధిలోంచి. నడి శీతాకాలంలో ఎడిన్‌బరోలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి సుమారు 11 డిగ్రీలకు మించి లేవడు. ఎండ లేని రోజులే ఎక్కువ. వెంట్రుక వెంట్రుకా చెక్కితే ఆ వెలుతురులో ఏదీ ఆనదు. కంటి గుంత, దవడ కింది మడత, భుజం ఒంపు లోతుగా తవ్వి నీడ పట్టేలా చేయాలి. అలాగని మరీ లోతుగా తవ్వితే అందులో వాన నీరు నిలిచి, చలికి గడ్డకట్టి రాతిని పగలగొడుతుంది. ఎంత లోతు చాలో తెలియడమే ఈ పనిలో సగం విద్య.

స్మారక ద్వారానికి అటూ ఇటూ ఉన్న సింహం, ఒంటికొమ్ము గుర్రం కూడా బోన్ చేసినవే. ఒంటికొమ్ము గుర్రం స్కాట్లండ్ రాజచిహ్నం. గుర్రం ఒళ్లు, చీలిన గిట్టలు, మేక గడ్డం, సింహం తోక కలిపిన ఊహా జంతువు. గుర్రాల ఎముకలు నేర్చుకున్న మనిషి, ఏ ఎముకా లేని జంతువును నమ్మించేలా మలచాల్సి వచ్చింది. ఊహ అన్నాను గానీ, 1933లో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ డవ్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన దూడ కొమ్ము మొలకలను నుదుటి నడుమకు జరిపి ఒంటికొమ్ము ఎద్దును తయారుచేశాడు. ఆ దూడ ఐర్‌షైర్ జాతిది, అంటే స్కాట్లండ్ మూలాలున్నదే.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం నగరానికి దక్షిణాన, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన కింగ్స్ బిల్డింగ్స్ ప్రాంగణంలోని జంతుశాస్త్ర భవనం మీది పని. 1929లో తెరిచిన ఆ భవనాన్ని కూడా లోరిమర్ కార్యాలయమే రూపొందించింది. దాని వెలుపలి గోడల మీద బోన్ చేసిన జంతువులు కనిపిస్తాయి. రాజచిహ్నాలకు ఉండే నియమాలు, మొక్కుబడి భంగిమలు అక్కడ అక్కర్లేదు. గోడల మీద నిజమైన ప్రాణులే నిండుగా ఉన్నాయి. తప్పు ఉంటే పట్టుకునే జంతుశాస్త్రవేత్తలు ప్రతిరోజూ వాటి కిందుగానే లోపలికి వెళ్తారు. కట్టడ శిల్పికి అంతకు మించిన కఠిన పరీక్ష ఎక్కడ దొరుకుతుంది?

1944లో స్కాట్లండ్ కళాకారుల సంస్థ రాయల్ స్కాటిష్ అకాడమీ బోన్‌ను పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ సంస్థ 1826లో పుట్టింది. అన్నేళ్లలో ఆ స్థానం దక్కిన తొలి మహిళ ఆమే. ఆలస్యానికి సంజాయిషీ ఎవరూ ఇచ్చినట్టు లేదు. చివరి ఏళ్లలో కళాకారుల ఊరుగా పేరున్న కిర్కూబ్రీలో ఉంటూ, 1972లో కన్నుమూసింది. జంతుశాస్త్ర భవనానికి తర్వాత, ఆ శాఖను నడిపిన ప్రొఫెసర్ ఆష్‌వర్త్ పేరు పెట్టారు. నమూనాను లోరిమర్ పేరుతో చెబుతారు. గోడల మీది జంతువులు ఎవరివో అటుగా వెళ్లే విద్యార్థుల్లో చాలామందికి తెలియకపోవచ్చు.