బురదకు బాకూ దాకా ఎందుకు?

దుబాయ్, షార్జాల్లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ పిల్లల్లో కొందరు నాలుగు రోజులు సెలవు దొరికితే అజర్‌బైజాన్ వెళ్లి వస్తున్నారు. రాజధాని బాకూ నుంచి గోబుస్తాన్ వైపు పాత లాడా కార్లో పోయి, బూడిదరంగు బురద ఒళ్లంతా పూసుకుని, ఆ వీడియో ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడతారు. చూసిన పెద్దమ్మ ఊరుకోదు: "గీ బురదకు గంత దూరం పోవాల్నా బిడ్డా, మన చెర్ల లేదా?"

వేళాకోళమే గానీ మంచి ప్రశ్న. చెరువు బురద వేరు, అది వేరు.

గోబుస్తాన్ బురద బుడబుడమంటూ ఉంటుంది. చూపుకు ఉడుకుతున్నట్టే, చెయ్యి పెడితే చల్లన. ఆ బుడగల్లో ఉన్నది ఆవిరి కాదు, ఎక్కువగా మీథేన్ అనే మండే గ్యాస్. కాస్పియన్ సముద్రం దగ్గర బంకమట్టి కిలోమీటర్ల మందాన, చాలా వేగంగా పేరుకుపోయింది. అడుగు పొరల్లోని నీటికి బయటపడే దారి దొరకలేదు. పైనున్న బరువూ లోపల పుట్టే గ్యాసూ కలిసి ఆ మెత్తని మట్టిని పగుళ్లలోంచి పైకి తోస్తాయి. వీటినే బురద అగ్నిపర్వతాలంటారు. లావాతో వీటికి సంబంధం లేదు. ఒక్క అజర్‌బైజాన్‌లోనే దాదాపు 350 ఉన్నాయి. చల్లని బురదే కదా అని చులకన చేయడానికీ లేదు: 2001లో బాకూ పక్కనే ఉన్న లోక్‌బతాన్‌లో గ్యాస్ అంటుకుని మంటలు పదుల మీటర్ల ఎత్తుకు లేచాయి.

మన వరంగల్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గట్టి రాయి. అందులోంచి బురద పొంగే ప్రశ్నే లేదు. గోదావరి లోయలో ఒకప్పుడు ఒండ్రు పేరుకుంది, సింగరేణి బొగ్గు దొరికేది ఆ పొరల్లోనే. కానీ 25 కోట్ల ఏళ్లు దాటిన ఆ పొరలు ఎప్పుడో ఇసుకరాయిగా గట్టిపడ్డాయి. వేడి మాత్రం ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో లోతైన బోరు నుంచి వేడినీళ్లు వాటంతటవే ఎగదన్నుతాయి. వాటితో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు కూడా పెట్టింది. పొంగి వచ్చే మెత్తని మట్టే మనకు లేదు.

ఇక దిగినవాళ్ల సంగతి. చిక్కని బురదలో మునగడం కష్టం. దాని సాంద్రత నీటికన్నా మూడో వంతు ఎక్కువుంటే, ఒంట్లో నాలుగో వంతు పైనే తేలుతుంది. కాలు లాక్కోవడమే పెద్ద పని. గబుక్కున లాగితే ఇంకా పట్టేస్తుంది, నెమ్మదిగా కదిపితే వదులుతుంది.

న్యూజిలాండ్‌లోని రోటోరువా లాంటి చోట్ల బురద నిజంగానే వేడి. విచిత్రం ఏమిటంటే, నీళ్లయితే ఓర్చుకోలేని వేడిని కూడా బురదలో ఓర్చుకోగలం. నీరు కదులుతూ చర్మం దగ్గరికి కొత్త వేడిని తెస్తూనే ఉంటుంది. బురద కదలదు. ఒంటికి ఆనిన పొర చల్లబడి అక్కడే ఉండిపోతుంది.

ఎండాకాలం బర్రె చేసేది దీనికి తలకిందులు. దానికి చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్లటి ఒళ్లు. నీళ్లు ఒంటిమీంచి జారిపోతాయి. బురద మాత్రం తడిని పట్టి ఉంచుకుని నిదానంగా ఆరుతుంది, ఆరినంతసేపూ ఒంటి వేడిని లాగేస్తుంది.

ఈ పట్టు ఉండేది బంకమట్టిలోనే. దాని రేణువులు కంటికి కనిపించనంత చిన్నవి, అప్పడాల దొంతరలా పలచని రేకులు. ఆదిలాబాద్ నల్లరేగడిలో ఉండే రకమైతే రేకుల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే వానకు చెప్పు వదలదు, ఎండకు నోరు తెరుస్తుంది. వరంగల్ చుట్టుపక్కల చల్క నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, పూసుకున్నా నిలవదు.

ఇలాంటి మట్టి చర్మం మీది జిడ్డును పీల్చుకుంటుంది, అంతవరకు నిజం. ఒంట్లోని 'టాక్సిన్లు' లాగేస్తుందనేది మాత్రం వట్టి అమ్మకం మాట. ఆ పని కాలేయం, కిడ్నీలు చేస్తాయి. మోకాళ్ల నొప్పులకు వేడి బురద కొంత ఉపశమనం ఇస్తుందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అయితే ఒంటికి పూసింది బురదో కాదో రోగికి తెలియకుండా పరీక్షించడం ఎలాగూ కుదరదు, కాబట్టి నమ్మకం పాలెంతో, మట్టి పాలెంతో తేల్చడం కష్టం.

పెద్దమ్మ మాట విని ఊరి చెరువులో దిగేవాళ్లకు ఒక హెచ్చరిక: ఎలుకల మూత్రం కలిసిన బురద నుంచి లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు. ఒంటిమీద పుండో గాయమో ఉంటే అసలు దిగొద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వేడి బురదకు ముందు డాక్టర్‌ని అడగాలి. గోబుస్తాన్ వెళ్లేవాళ్లు మాత్రం బుడగల పక్కన సిగరెట్ వెలిగించకుండా ఉంటే చాలు.