పాత హోమ్ కంప్యూటర్లు కొనడం, దాచడం: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్ళుగా పాత హోమ్ కంప్యూటర్లు సేకరిస్తున్నాను, బాగుచేస్తున్నాను. 1977లో ఆపిల్ 2, కమోడోర్ పెట్, టీఆర్ఎస్-80 వచ్చినప్పటి నుంచి 1992 నాటి అమీగా 1200 దాకా జనం ఇళ్ళల్లో టేబుల్ మీద పెట్టుకుని వాడిన మిషన్లు అన్నమాట. కొత్తగా ఇందులోకి వచ్చినవాళ్ళు అడిగేవి దాదాపు ఎప్పుడూ అవే ప్రశ్నలు, వాటి వెనకుండే నమ్మకాలు కూడా అవే. కొన్ని నమ్మకాల వల్ల డబ్బు పోతుంది అంతే, కొన్నింటి వల్ల మాత్రం నలభై ఏళ్ళు బతికిన మిషన్ ఒక్క సాయంత్రంలో చచ్చిపోతుంది. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: అమ్మినాయన ఆన్ చేసి చూపించాడు, ఇంటికెళ్ళి ప్లగ్ పెట్టడమే ఆలస్యం

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ మిషన్లని చంపేది ఇదే. కమోడోర్ 64 సంగతే తీసుకోండి, 1982లో వచ్చింది, దాంతోపాటు ఇచ్చిన అడాప్టర్ లోపలంతా ఎపాక్సీ పోసి గట్టిగా బిగించేసి ఉంటుంది కాబట్టి విప్పి బాగుచేసే వీలు ఉండదు. అందులోంచి 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ వస్తాయి. ఏళ్ళు గడిచి లోపలి రెగ్యులేటర్ (వోల్టేజ్‌ని అదుపులో ఉంచే పార్టు) పోయినప్పుడు అది కరెంటు ఆపేసి ఊరుకోదు, 5 దాటి పైకి వదిలేస్తుంది, ఆ దెబ్బకి ర్యామ్ చిప్‌లు, పీఎల్ఏ (మిగతా చిప్‌లని సమన్వయం చేసే చిప్) వరసగా పోతాయి. నిన్న పనిచేసిన అడాప్టర్ ఇవాళ అలా చేయొచ్చు. మీటర్ పెట్టి చూస్తే 5 చూపించింది కదా అంటారు, లోడ్ లేకుండా, అంటే దేనికీ కరెంటు ఇవ్వకుండా, చూపించిన 5కి పెద్ద అర్థం లేదు. కొత్తగా తయారుచేసిన సప్లై వాడండి, లేదంటే వోల్టేజ్ పెరగ్గానే కట్ చేసే చిన్న సర్క్యూట్ మధ్యలో పెట్టండి.

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ది ఇంకో తంటా. దానికి కావాల్సింది 9 వోల్టుల డీసీ, కానీ ప్లగ్ మధ్యలో నెగటివ్ రావాలి. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది, ప్లగ్ మాత్రం చక్కగా దూరిపోతుంది, అదే ప్రమాదం. బీబీసీ మైక్రో, ఆపిల్ 2 లాంటి వాటి పవర్ సప్లైలో మెయిన్స్ (గోడ ప్లగ్ కరెంటు) దగ్గర రీఫా అనే కంపెనీ కెపాసిటర్లు (ఛార్జ్‌ని కాసేపు దాచుకునే చిన్న పార్టులు) చాలాసార్లు కనిపిస్తాయి, తేనె రంగులో పారదర్శకంగా ఉండే డబ్బాలు, పైన సన్నటి పగుళ్ళు వచ్చి ఉంటాయి. ఆ పగుళ్ళలోంచి తేమ లోపలి కాగితానికి ఎక్కుతుంది, కరెంటు తగలగానే గదంతా పొగ, ఆ వాసన రోజుల తరబడి పోదు. ఆన్ చేయకముందే మార్చేయాలి వాటిని.

మొదట్లో నేనూ ఒక మిషన్ తెచ్చిన సాయంత్రమే ఆత్రం ఆగక దాంతో వచ్చిన అడాప్టరే పెట్టి ఆన్ చేశాను, పది సెకన్లు స్క్రీన్ వచ్చింది, తర్వాత నలుపు, విప్పి చూస్తే నాలుగు ర్యామ్ చిప్‌లు పోయాయి. అప్పట్నుంచి ఒకటే పద్ధతి: ముందు మూత తీయడం, కళ్ళతో చూడటం, వాసన చూడటం (కారిన కెపాసిటర్ చేపల వాసన కొడుతుంది), బ్యాటరీ ఉందేమో వెతకడం, సప్లైని విడిగా పరీక్షించడం, ఇవన్నీ అయ్యాకే స్విచ్. స్పెక్ట్రమ్ మూత తీసేటప్పుడు ఇంకా నెమ్మది కావాలి, కీబోర్డు నుంచి బోర్డుకి వచ్చే పల్చటి రిబ్బన్ ఇన్నేళ్ళకి ఎండుటాకులా అయిపోయి ఉంటుంది, కొంచెం లాగితే విరుగుతుంది. అదృష్టం కొద్దీ కొత్త మెంబ్రేన్లు (కీల కింద ఉండే, ఆ రిబ్బన్‌తో కలిసి వచ్చే పొర) ఇప్పటికీ తయారవుతున్నాయి.

వేరియాక్ పెట్టి వోల్టేజ్ మెల్లగా పెంచుకుంటూ వెళ్తే సేఫ్ అని కూడా అంటుంటారు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండే పాత రకం సప్లైకి అది సరే. స్విచింగ్ సప్లైకి (బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేని తేలిక రకం) మాత్రం వోల్టేజ్ తక్కువిస్తే అది కరెంటు ఎక్కువ లాగుతుంది, మేలు చేయబోయి కీడు చేసినట్టే. దానికి సిరీస్‌లో ఒక ఫిలమెంట్ బల్బు పెట్టడం మంచిది, లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలిగి చెప్పేస్తుంది. మెయిన్స్‌తో పని అలవాటు లేనివాళ్ళు ఇది ఒంటరిగా చేయకండి. సీఆర్‌టీ మానిటర్ అయితే అలవాటు లేకుండా మూతే తీయొద్దు, ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టుల ఛార్జ్ నిలిచి ఉండొచ్చు.

అపోహ: డబ్బాలో పెట్టి వాడకుండా ఉంచితే కొత్తదానిలా ఉంటుంది

వాస్తవం: మనం ముట్టుకోకపోయినా లోపల కెమిస్ట్రీ ఆగదు. దీనికి అమీగా 500 ప్లస్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1991లో వచ్చిన ఆ మిషన్ బోర్డు మీద గడియారం నడవడానికి ఒక నికెల్ కాడ్మియం బ్యాటరీని నేరుగా సోల్డర్ చేశారు. అమీగా 2000లో, 4000లో, కొన్ని ఎకార్న్ ఆర్కిమిడీస్ మిషన్లలో కూడా ఇదే వ్యవహారం. ఆ బ్యాటరీ ఏదో ఒకరోజు కారుతుంది, కారేది క్షారం, అది బోర్డు మీద ఆకుపచ్చగా నీలంగా పేరుకుని రాగి దారుల్ని తినేస్తూ సాకెట్ల కిందికి పాకుతుంది. ఎవరూ తెరవని సీల్డ్ బాక్స్ అని గొప్పగా చెప్పి అమ్మేవాటిలోనే పరిస్థితి అన్నిటికంటే ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే ఎవరూ తెరిచి ఆ బ్యాటరీ తీసేయలేదు కాబట్టి. కారినట్టు కనిపిస్తే ముందు బ్యాటరీ కత్తిరించి తీసేయండి, తెల్ల వెనిగర్ దూదితో అద్ది క్షారాన్ని విరిచేయండి, తర్వాత డిస్టిల్డ్ వాటర్, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆపైన పూర్తిగా ఆరనివ్వండి. పాత మాకింటోష్‌లలో ఉండే 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ కూడా అంతే, అది కారడమే కాదు పగిలిపోయి చుట్టుపక్కల మెటల్‌ని తుప్పు ముద్ద చేసిన బోర్డులు చాలా ఉన్నాయి. కొన్న రోజే బ్యాటరీ తీసేయాలి, రేపు చూద్దాం అనుకునే పని కాదు.

ఎవరూ పట్టించుకోని ఇంకో విషయం వైర్లు. కేబుల్‌ని చక్కగా చుట్టి మిషన్ మీదే పెట్టి డబ్బా మూసేస్తాం, అది జాగ్రత్త అనుకుంటాం. పీవీసీ వైర్ మెత్తగా ఉండటానికి అందులో కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ళ తరబడి మెల్లగా బయటికొచ్చి కింద ఉన్న ఏబీఎస్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, తీసి చూస్తే పైమూత మీద వైరు ఆకారంలో గాడి పడి ఉంటుంది, ఆ గాడికి మందు లేదు. బబుల్ రేపర్ కూడా నేరుగా తగిలించి చుడితే గుండ్రటి మచ్చలు వదలొచ్చు. ముందు యాసిడ్ లేని కాగితం చుట్టండి, వైర్లు వేరే సంచిలో పెట్టండి. ప్యాకింగ్ స్పాంజ్ పొడిపొడిగా రాలుతుంది, క్యాసెట్ ప్లేయర్లో రబ్బరు బెల్టు తారులా కరిగిపోతుంది. గదిలో 20 డిగ్రీల అటూఇటూ, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండి, ఎండ పడకుండా, నేలకి ఆనకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది. అటక మీద మాత్రం పెట్టకండి, పగలు వేడి రాత్రి చలి, ప్లాస్టిక్‌కి అంతకన్నా శిక్ష లేదు. సప్లై బాగుందని తేలిన మిషన్‌ని కొన్ని నెలలకి ఒకసారి కాసేపు నడిపించండి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి అది మంచిది.

అపోహ: పసుపు రంగంటే మురికి, పెరాక్సైడ్ పూస్తే కొత్తదవుతుంది

వాస్తవం: అది మురికి కాదు. మంటలు అంటుకోకుండా ఏబీఎస్‌లో బ్రోమిన్ ఉన్న పదార్థాలు కలిపేవారు, వెలుతురుకి వేడికి ప్లాస్టిక్‌లో వచ్చే మార్పే ఆ పసుపు. 2008 ప్రాంతంలో కలెక్టర్లు హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి కలిపి ఆ రంగు తీసే పద్ధతి కనిపెట్టారు, రెట్రోబ్రైట్ అంటాం. పనిచేస్తుంది, అబద్ధం లేదు. కానీ రంగు మళ్ళీ వస్తుంది, తెల్లగా చేసి చీకటి గదిలో దాచినా పసుపెక్కినవి ఉన్నాయి. క్రీమ్ సమంగా పూయకపోతే పులి చారల్లా మచ్చలు పడతాయి, అవి పోవు. 12 శాతం పెరాక్సైడ్ చేతి మీద పడితే కాలుతుంది, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. నా మట్టుకు నేను సబ్బు నీళ్ళతో కడిగి వదిలేస్తాను, సమంగా పసుపెక్కిన మిషన్ నాకు అందంగానే కనిపిస్తుంది. కొనేటప్పుడు మెరిసిపోతున్న మిషన్ చూస్తే నాకు అనుమానం ఎక్కువ, పైన పటారం లోన లొటారం అన్నట్టు బోర్డు సంగతి ఎవరూ ఫోటో తీసి పెట్టరు. లోపలి ఫోటో అడగండి, ఇవ్వకపోతే పాడైపోయిందనే లెక్కేసుకుని ధర మాట్లాడండి. ఇంకొకటి, స్టిక్కర్ జిగురు తీయడానికి అసిటోన్ వాడొద్దు, ఏబీఎస్ కరిగిపోతుంది.

అపోహ: పాత బోర్డు అంటే కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేయాల్సిందే

వాస్తవం: మిషన్‌ని బట్టి. అమీగా 600, 1200, మాకింటోష్ ఎస్ఈ/30 లాంటి వాటిలో సర్ఫేస్ మౌంట్ ఎలక్ట్రోలిటిక్స్ (బోర్డు పైనే అతికించే రకం కెపాసిటర్లు) కారతాయి, వాటిని ఆలోచించకుండా మార్చండి. కమోడోర్ 64 బోర్డు మీద ఉన్నవి చాలాసార్లు ఇంకా బానే ఉంటాయి, లక్షణం లేకుండా ముట్టుకోవాల్సిన పని లేదు. సోల్డరింగ్ చేయి తిరగకుండా మొదలుపెడితే ప్యాడ్‌లు (పార్టు కాళ్ళు అతికే రాగి ముక్కలు) లేచిపోతాయి, అలా చెడిన బోర్డులు నా దగ్గరికి వచ్చినన్ని నిజంగా కెపాసిటర్ వల్ల చెడినవి రాలేదు. మార్చిన పాత పార్టు పారేయకుండా కవర్లో వేసి మిషన్‌తోనే ఉంచండి.

అపోహ: పిన్నులు కలిస్తే చిప్ కూడా కలిసినట్టే

వాస్తవం: కమోడోర్ 64 సౌండ్ చిప్ సిడ్‌లో 6581 రకం 12 వోల్టులతో నడుస్తుంది, తర్వాత వచ్చిన 8580 రకం 9 వోల్టులతో. పిన్నులు ఒకటే, సాకెట్లో సులువుగా కూర్చుంటుంది. 8580ని 12 వోల్టుల బోర్డులో పెడితే ఆ చిప్ మీద ఆశ వదులుకోవడమే. వేరే దేశం మిషన్ తెప్పించి అడాప్టర్ ఒక్కటి మారిస్తే చాలనుకోవడం కూడా ఇలాంటిదే. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) కమోడోర్ 64 ప్రాసెసర్ వేగం 1.023 మెగాహెర్ట్జ్, పాల్ (యూరప్ టీవీ పద్ధతి) దానిది 0.985, వీడియో సిగ్నలే వేరు, కొన్ని ప్రోగ్రాములు ఒకదాంట్లో నడిచి రెండోదాంట్లో తడబడతాయి.

అపోహ: రోమ్‌లో ఉన్నది, డిస్క్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు

వాస్తవం: కిటికీ ఉన్న ఈప్రామ్‌లో (అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్ళీ రాయగలిగే రోమ్ చిప్) డేటా అంటే లోపల బంధించిన ఛార్జ్, అది ఏళ్ళ తరబడి మెల్లగా జారిపోతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా. కిటికీ మీద స్టిక్కర్ ఊడిపోయుంటే ముందు అది అతికించండి, తర్వాత రీడర్‌లో పెట్టి కాపీ తీసుకోండి. ఫ్లాపీ అయితే ముందు డిస్క్ ఉపరితలం మీద బూజు ఉందేమో చూడాలి, బూజు డిస్క్ డ్రైవ్‌లో పెడితే హెడ్ (డిస్క్‌ని చదివే భాగం) పాడవుతుంది, ఆ హెడ్ తర్వాత పెట్టిన మంచి డిస్కుల్ని కూడా గీసేస్తుంది. మామూలు పీసీ ఫ్లాపీ కంట్రోలర్ అమీగా డిస్కుల్ని గానీ కమోడోర్ 1541 డ్రైవ్ డిస్కుల్ని గానీ చదవలేదు, వాటికి గ్రీజ్‌వీజిల్, క్రయోఫ్లక్స్ లాంటి బోర్డులు ఉన్నాయి, డిస్క్ మీది అయస్కాంత మార్పుల్ని ఉన్నవున్నట్టు రికార్డు చేస్తాయి కాబట్టి కాపీ ప్రొటెక్షన్ ఉన్నా దొరుకుతుంది. చదివే ముందు రైట్ ప్రొటెక్ట్ (పొరపాటున డిస్క్ మీద రాయకుండా ఆపేది) పెట్టడం మర్చిపోకండి, 5.25 అంగుళాల డిస్క్‌కి పక్కనున్న గాడిని మూయాలి, 3.5 అంగుళాల దానికి మాత్రం కన్నం తెరిచి ఉండాలి, రెండూ ఒకదానికొకటి ఉల్టా.

అపోహ: అరుదైన మిషన్ ఉంటేనే కలెక్షన్

వాస్తవం: మొదటి మిషన్‌గా అందరి దగ్గరా ఉన్నదే కొనండి, కమోడోర్ 64 గానీ 48కే స్పెక్ట్రమ్ గానీ. పార్టులు దొరుకుతాయి, సర్క్యూట్ డయాగ్రమ్‌లు దొరుకుతాయి, ఆగిపోతే అడగడానికి మనుషులు ఉంటారు. అరుదైన మిషన్‌లో దానికి మాత్రమే ఉన్న కస్టమ్ చిప్ పోతే ఆ రోజుతో అది బొమ్మే.

నిజంగా అరుదైనవి ఎక్కడుంటాయంటే మిషన్‌తో పాటు ఊరికే ఇచ్చేసే అట్టపెట్టెలో. అచ్చయిన గేమ్ క్యాసెట్లు చాలావరకు ఎవరో ఒకరు ఇప్పటికే భద్రపరిచారు, వైస్ లాంటి ఎమ్యులేటర్‌లో (ఇప్పటి కంప్యూటర్ మీద పాత మిషన్‌లా నడిచే ప్రోగ్రాము) నిమిషంలో నడుస్తాయి. ఆ ఇంట్లో పిల్లలు టైప్ చేసుకున్న బేసిక్ ప్రోగ్రాము, మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్న మాన్యువల్, వీటికి ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క కాపీయే. అమ్మేవాళ్ళు ఆ క్యాసెట్లు చెత్తని పక్కన పడేస్తుంటే అడిగి తెచ్చుకోండి. తెచ్చాక ముందు ప్లేయర్ బెల్టు మార్చి, హెడ్ ఆల్కహాల్‌తో తుడిచి, కంప్యూటర్‌లోకి లోడ్ చేయకముందే 44.1 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైల్‌గా రికార్డు చేయండి. టేప్ ఆ ఒక్కసారికే సహకరించొచ్చు.

ఒకసారి ఒక స్పెక్ట్రమ్‌తో వచ్చిన సంచిలో ఒక క్యాసెట్ మీద పెన్నుతో ఒక పేరు, కింద 1984 అని మాత్రమే ఉంది. రెండుసార్లు రికార్డు చేసినా లోడ్ కాలేదు, సిగ్నల్ అంతా మసకగా ఉంది. అప్పట్లో రికార్డు చేసిన ప్లేయర్ హెడ్ కోణం వేరే అయ్యుంటుందనిపించి హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని చెవితో వింటూ కొద్దికొద్దిగా తిప్పాను, శబ్దం ఒక్కసారిగా పదునెక్కింది, మూడో రికార్డింగ్ లోడ్ అయింది. ఎక్కాలు అడిగే ప్రోగ్రాము అది, జవాబు తప్పితే మళ్ళీ ప్రయత్నించు అక్కా అని వస్తుంది. మిషన్ అమ్మినావిడకి ఫైల్ పంపాను, రాసింది వాళ్ళ తమ్ముడట.