పాట, పేట, పీట: గ్రంథాలయ వెబ్ డెవలపర్ పని గురించి అపోహలు - వాస్తవాలు

బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు వెళితే తప్పని ప్రశ్న ఒకటుంది: "ఎక్కడ పని చేస్తున్నావు?" హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అంటాను. "అదేమిటి, కంప్యూటర్లు కదా చదివావు?" అని జాలిగా చూస్తారు. అక్కడ వెబ్ డెవలపర్‌నే అని చెబితే జాలి ఇంకాస్త పెరుగుతుంది. రాక్ సంగీతం వింటానని కూడా తెలిస్తే మాట మార్చి పప్పు వడ్డించమంటారు. ఏళ్ల తరబడి ఇదే తంతు. వడ్డన మధ్యలో చెప్పలేకపోయిన జవాబులు ఇవి.

అపోహ: గ్రంథాలయంలో వెబ్ డెవలపర్ అంటే ప్రింటర్ బాగుచేసే మనిషి

ప్రింటరూ బాగుచేస్తాను, అబద్ధమెందుకు. అయితే అసలు పని వేరే ఉంది. పుస్తకాల క్యాటలాగ్‌ను వెబ్‌లో నడపాలి, పరిశోధన గ్రంథాల భాండాగారాన్ని చూసుకోవాలి, ఇంటి నుంచి పత్రికలు చదువుకునేవారికి లాగిన్ దారి తెరిచి ఉంచాలి. ఇంతా చేస్తే, మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది అరుదైన తాళపత్రాల గురించి కాదు, "ఆదివారం తెరిచి ఉంటుందా?" అని. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. పని వేళలను నాలుగు మెనూల కింద దాచిన సైట్ ఎంత అందంగా ఉన్నా ఆ సూత్రం తప్పినట్టే. మా సైట్ కూడా ఒకప్పుడు తప్పింది.

అపోహ: కంప్యూటర్ వాళ్లు గ్రంథాలయాలకు కొత్త చుట్టాలు

హెన్రియెట్ అవ్రామ్ ప్రోగ్రామర్. 1965లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరేనాటికి ఆమె చేతిలో గ్రంథాలయ శాస్త్రం పట్టా లేదు. క్యాటలాగ్ కార్డులోని ప్రతి ముక్కనూ యంత్రం చదవగలిగేలా విడదీసి, మార్క్ అనే పద్ధతిని ఆమె నిర్మించింది. పుస్తకం పేరు 245వ గడిలో, రచయిత పేరు 100వ గడిలో. బీటిల్స్ ఇంకా విడిపోని రోజుల నాటి ఆ గడులనే నేను ఇవాళ పొద్దున కూడా సరిచేసి వచ్చాను.

అపోహ: రాక్ పిచ్చి వేరు, ఉద్యోగం వేరు

నాకు క్యాటలాగింగ్ నేర్పింది తరగతి గది కాదు, నా దగ్గరున్న పాటల గుట్ట. ఎంపీ3 ఫైళ్లలో పాట పేరు, గాయకుల పేరు రాసే తొలినాటి ట్యాగ్ మొత్తం 128 బైట్లు. అందులో పాట పేరుకు 30, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30. కాస్త పొడుగు పేరున్న ఆల్బమ్ సగంలో తెగిపోయేది. ఇంగ్లీషు పేర్లకే ఆ గతి పడితే, తెలుగు సంగతి చూడండి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది. గుణింతానికి వేరుగా, పొల్లుకు వేరుగా. ఆ లెక్కన 'అన్నమాచార్య'కు 33 బైట్లు కావాలి. 30 బైట్ల గడిలో చివరి 'య' ఊడిపోయి 'అన్నమాచార్' మిగులుతాడు. పదకవితా పితామహుణ్ని అలా చూసిన రోజున, పేరు ఎంత పొడుగో అంత చోటు ఇవ్వడం మర్యాద అని తెలిసింది. వారాంతాల్లో ఆ ట్యాగులు దిద్దుకున్న అలవాటే ఈ ఉద్యోగానికి తీసుకొచ్చింది.

అపోహ: సెర్చ్ పెట్టె ఒకటి పెడితే చాలు, మిగతాది కంప్యూటరే చూసుకుంటుంది

నా జీతంలో సగం ఈ అపోహకే ఖర్చవుతుంది. పాఠకుడు తలచుకునే పేరు ఒకటి, మా దగ్గర నమోదైన పేరు మరొకటి. ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే నా పని. దానికి రాక్ బ్యాండ్లకు మించిన పరీక్ష పత్రం లేదు.

బ్రిటన్‌లో 'ద హూ' అని ఒక బ్యాండ్ ఉంది. ఇంగ్లీషులో 'ద', 'హూ' అనేవి ప్రతి వాక్యంలోనూ దొర్లే మాటలు. అలాంటివాటిని పక్కన పడేసి మిగిలినవాటితో వెతకడం పాతకాలపు సెర్చ్ వ్యవస్థలకు అలవాటు. ఈ పేరులో ఇక మిగిలేది ఏమీ లేదు. ఖాళీతో వెతికితే ఖాళీయే వస్తుంది. 1979లో లండన్‌లో మొదలైన మరో బ్యాండ్ పేరు ఏకంగా 'ద ద'. తల్లిదండ్రులు పిల్లలకు పెట్టరు కానీ బ్యాండ్లు పెట్టుకుంటాయి ఇలాంటి పేర్లు.

తెలుగులో 'ద' బెడద లేదని సంబరపడనక్కర్లేదు. మనకు సంధి ఉంది. 'శ్రీమదాంధ్రమహాభారతము' అని కలిపి నమోదు చేసిన గ్రంథం 'భారతం' అని వెతికేవారికి దొరకదు, యంత్రానికి అదంతా ఒకే మాట కాబట్టి. విడదీసి రాసినా 'భారతము', 'భారతం' దానికి వేర్వేరు.

ఒకసారి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి, "మీ క్యాటలాగ్ లేదంటున్న పుస్తకాన్ని ఇప్పుడే అలమరలో చూసి వస్తున్నాను సార్" అంది. పేరు చివర 'హైదరాబాద్' ఉంది. ఆ అమ్మాయి కొట్టిందీ అదే, మా రికార్డులో ఉన్నదీ అదే. పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసినా తేడా కనిపించదు. ఫైలును బైట్లుగా విప్పితే దొంగ దొరికాడు. మా రికార్డులో చివరి పొల్లు తరవాత కంటికి కనిపించని అక్షరం ఒకటి కూర్చుని ఉంది. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో 200సి సంఖ్య దానిది. పక్క అక్షరం వచ్చి ఒత్తుగా అతుక్కోకుండా ఆపడం దాని పని. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. మాట మధ్యలో ఉపకారి, మాట చివర ఉత్త బరువు. ఇండెక్స్, అంటే సెర్చ్ వెతుక్కునే మాటల పట్టిక, కట్టేటప్పుడూ, పాఠకుడు వెతికేటప్పుడూ రెండు వైపులా దాన్ని తీసేసేలా నియమం రాశాను.

మేము వాడే కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లిపి నియమాలు రాసే చోటు పేరు ఐసీయూ. ఆ రోజు రాత్రి ఇంట్లో భోజనం చేస్తూ సహోద్యోగికి ఫోనులో "ఐసీయూలో పెట్టాను, తెల్లారేసరికి కోలుకుంటుంది" అని చెప్పాను. మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ తరవాతి ఘనకార్యం పూర్తిగా నాదే. 1975లో పుట్టిన 'మోటర్‌హెడ్' బ్యాండ్ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలుంటాయి. ఉచ్చారణకు వాటితో పనిలేదు, జబర్దస్తీగా కనిపించడానికి పెట్టుకున్నవి. వెతికేవారు చుక్కలు కొట్టరు, మా రికార్డులో చుక్కలున్నాయి. అక్షరాలకు తగిలించిన గుర్తులన్నీ వలిచేసి వెతకమని ఒక్క వరుస రాశాను. మోటర్‌హెడ్ దొరికింది. శుక్రవారం సాయంత్రం సంబరంగా ఇంటికి వెళ్లాను.

సోమవారం జానపద సాహిత్య విభాగం నుంచి ఫోను. 'పాటలు' అని కొడితే పేటల చరిత్రలూ పెళ్లి పీటల కథలూ వస్తున్నాయట. యూనికోడ్ దృష్టిలో మన దీర్ఘం, గుడి, ఏత్వం కూడా అక్షరానికి తగిలించిన గుర్తులే. నేను రాసిన వరుస వాటినీ వలిచేసింది. పాట, పేట, పీట మూడూ 'పట' అయిపోయాయి. కోడి, కాడి, కేడీ 'కడ' అయ్యాయి. ఇంగ్లీషు అక్షరానికి చుక్క నగ కావచ్చు, తెలుగు అక్షరానికి గుణింతం ఒంట్లో ఎముక. నియమాన్ని రోమన్ లిపికే పరిమితం చేసి, ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టడానికి ఆ రాత్రంతా పట్టింది. అప్పటినుంచి ఏ మార్పు చేసినా ముందుగా కొట్టి చూసే మూడు మాటలు అవే.

అపోహ: అట్ట మీద ఉన్నది చూసి ఎక్కించడమే క్యాటలాగ్

అట్ట మీద ఏమీ లేకపోతే? లెడ్ జెప్పెలిన్ 1971లో విడుదల చేసిన నాలుగో ఆల్బమ్ అట్ట మీద బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్‌కు అసలు పేరే పెట్టలేదు. నలుగురూ తలో గుర్తు ఎంచుకుని ఊరుకున్నారు. ఇలాంటప్పుడు క్యాటలాగర్ తానే ఒక పేరు కల్పించి చదరపు బ్రాకెట్లలో పెట్టాలి, జనం పిలిచే పేర్లను 246వ గడిలో చేర్చాలి. ముందు పేజీలు చెదలు తినేసిన పాత తెలుగు ప్రబంధం వచ్చినా చేసేది ఇదే. 1993లో అమెరికా గాయకుడు ప్రిన్స్ తన పేరును పలకడానికి వీల్లేని ఒక గుర్తుగా మార్చుకుంటే, దాన్ని అచ్చు వేసుకోవడానికి పత్రికలకు ఫ్లాపీల్లో ఫాంటు పంపాల్సి వచ్చింది.

మన దగ్గర ఆ చిక్కు తీరిన తీరు నాకు ఇష్టం. శ్రీశ్రీ పేరుతో ఒక ప్రామాణిక రికార్డు ఉంటుంది, 'శ్రీరంగం శ్రీనివాసరావు' అని వెతికినవారిని అది శ్రీశ్రీ దగ్గరికే నడిపిస్తుంది. బ్యాండ్లు మాత్రం వ్యక్తుల కిందికి రావు, సంస్థల కిందికి వస్తాయి. పార్లమెంటు, ప్రభుత్వ శాఖలు ఉండే 110వ గడిలోనే మెటాలికా కూడా ఉంటుంది. అలాగైతే తిరుపతి వేంకట కవులను బ్యాండ్‌గా ఎక్కించవచ్చా అని మా లైబ్రేరియన్ మేడమ్‌ను అడిగాను. కళ్లద్దాల మీదుగా ఒక చూపు చూశారు. జవాబు అంతే.

అపోహ: స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేస్తే డిజిటల్ గ్రంథాలయం అయినట్టే

అది బొమ్మల కొలువు. బొమ్మలో అక్షరాలు కంటికి తప్ప యంత్రానికి కనిపించవు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అసలే అందవు. యూనికోడ్‌కు ముందు కాలపు డీటీపీ ఫాంట్లలో కట్టిన పీడీఎఫ్‌లు ఇంకో రకం. పైకి చక్కటి తెలుగు, కాపీ చేసి అతికిస్తే రోమన్ అక్షరాల చెత్త. చిన్నప్పుడు వీధి చివర దుకాణంలో రికార్డు చేయించుకున్న క్యాసెట్లు గుర్తొస్తాయి నాకు. అట్ట మీద ఒకటి, లోపల ఇంకొకటి.

అపోహ: ఉచిత సాఫ్ట్‌వేర్ నాసిరకం

కోహా న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయాల కోసం పుట్టింది. వాళ్ల పాత వ్యవస్థకు 2000 సంవత్సరపు తేదీలను సరిగా లెక్కించలేని గండం ఉంది. కొత్తది రాయించుకుని 2000 జనవరి 3న పనిలో పెట్టారు, కోడ్‌ను లోకానికి ఇచ్చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక, అయితే పుచ్చుకున్నవారు తిరిగి ఇవ్వాలన్న ఆనవాయితీ ఆ మాటలోనే ఉంది. 'ఉచితంగా వచ్చింది కదా' అని దించుకుని, ఒక్క పొరపాటు కూడా వెనక్కి తెలియజేయకుండా తిట్టుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: రాక్ అంటే గోల, వినేవాళ్లకు పుస్తకం పట్టదు

2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు రాత్రి బస్సెక్కి వెళ్లాను. గోల ఉంది, కాదనను. మర్నాడు కౌంటర్‌లో ఎవరేమన్నా సగమే వినిపించింది. కానీ ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి కవితను ఐరన్ మెయిడెన్ బ్యాండ్ 1984లో 13 నిమిషాలకు పైబడిన పాటగా కట్టింది. 1798లో అచ్చయిన ఆ కవితను నేను అలమరలో వెతుక్కుని చదివింది ఆ పాట విన్నాకే.

పాటలు వింటూ కోడ్ రాస్తే పని చకచకా సాగుతుందన్న మాట మాత్రం నా అనుభవంలో నిజం కాదు. తెలుగు రికార్డులు సరిచూసేటప్పుడు ఏ పాటైనా ఆపేస్తాను. పొల్లు దగ్గర కన్ను జారితే పుస్తకమే మాయమవుతుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకునేది ఇండెక్స్ కడుతున్నప్పుడే, అప్పుడు నేను చేయగలిగేది ఏమీ లేదు కనుక. మొన్న కోహా కొత్త రూపానికి మారిన రాత్రి ముసలి నావికుణ్ని మూడుసార్లు విన్నాను. ఇండెక్స్ పూర్తయ్యాక 'పీట' అని కొట్టాను. పీటలే వచ్చాయి.